మిఠాయి అంగడిలో పుట్టిన బడి

గ్రామరు స్కూలు అనగానే మనవారికి హైదరాబాదులోని సెయింట్ జార్జి గ్రామరు స్కూలు జ్ఞప్తికి వచ్చును. ఆ పేరు మొదటిసారి విన్నవారు, అచట వ్యాకరణము మాత్రమే చెప్పుదురు కాబోలునని అనుకొనుట కలదు. ఆ యూహ కేవలము నవ్వి త్రోసివేయదగినది కాదు. పూర్వము ఇంగ్లండులో ఈ బడులు లాటిను వ్యాకరణము నేర్పుటకే వెలసినవి. లాటిను వచ్చినవానికే చర్చిలోను, న్యాయస్థానములోను, రాజుగారి కొలువులోను ప్రవేశము. మన అగ్రహారములలో పిల్లవానిచేత శబ్దమంజరి వల్లెవేయించి విద్య నారంభించినట్లే అచట లాటిను విభక్తులతో ఆరంభించెడివారు. పిమ్మట గణితము, భూగోళము, ప్రకృతిశాస్త్రము ఒకదాని వెంట నొకటి వచ్చి చేరినను పేరు మాత్రము మారలేదు. ఆంగ్లేయులు ఏ ఖండమునకు పోయినను ఈ పేరును వెంటగొనిపోయిరి.

అట్టి బడులలో నొకదానిగూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి. అది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు రాజధానియగు మెల్‌బోర్ను నగరమునందలి కాల్‌ఫీల్డు గ్రామరు స్కూలు. ఆంగ్లికను క్రైస్తవ సంఘమునకు చెందినది. బాలురును బాలికలును కలిసి చదువుకొనునది. కొలదిమందికి వసతిగృహము కలదు గాని, ప్రధానముగా ఉదయము వచ్చి సాయంకాలము ఇల్లు చేరుకొనువారి పగటిబడియే. మెల్‌బోర్ను ఎక్కడ, మన మెక్కడ అని శ్రోతలు అనుకొనవచ్చును. దానిని స్థాపించినవాడు అంతకుముందు మన ఏలూరులో ఉండి వచ్చినవాడు. ఇంతకన్న దగ్గర సంబంధ మేమి కావలెను?

ఆయన పేరు జోసెఫ్ హెన్రీ డేవిస్. 1856లో న్యూజిలాండులో జన్మించెను. బాల్యముననే కుటుంబము మెల్‌బోర్నుకు తరలివచ్చినది. తండ్రి చిన్ననాటనే గతించుటచే ఇంటిభారము ఆయనపై బడెను. ఇరువది యేండ్ల వయస్సున, 1876లో, చర్చి మిషనరీ సొసైటీ పక్షమున తెలుగుదేశమునకు వచ్చెను. ఆ సొసైటీవారి తెలుగు మిషను కథ మనకు క్రొత్తది కాదు. 1841లో రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అను ఇరువురు మచిలీపట్టణమున దిగిరి. నోబిలు 1843లో తెరచిన పాఠశాలయే కాలక్రమమున నోబిలు కళాశాలయై తెలుగుసీమ నలుమూలల ప్రసిద్ధి కెక్కినది. ఏలూరులో ఆ మిషనువారు 1854లో కేంద్రము నెలకొల్పిరి. డేవిసుగారి సోదరి సారా అప్పటికే అచట పనిచేయుచుండెను. తమ్ముడు ఆమెను చేరుకొనెను. కాని మన గోదావరి కృష్ణా మండలముల నీరు, గాలి ఆయనకు సరిపడలేదు. ఆరోగ్యము చెడి ఇరువదియొక్క మాసములకే తిరిగి పోవలసివచ్చినది. వచ్చిన పని కాలేదన్న వెలితి ఆయనను తుదివరకు వీడలేదని, పిదప ఆయన చేసినపనులను చూచినవా రెవరికైనను తోచును.

ఇంటికి పోయి మెల్‌బోర్ను విశ్వవిద్యాలయమున చదువు సాగించుచు, 1881 ఏప్రిల్ 25వ తేదీన ఒక బడి తెరచెను. ఎల్‌స్టర్న్‌విక్ అను శివారుగ్రామమున, రైలుస్టేషను ప్రక్కనున్న యొక చిన్న మిఠాయి అంగడియే బడి. తొమ్మండుగురు బాలురే విద్యార్థులు. అప్పు డాయన వయస్సు ఇరువదినాలు గేండ్లు.

ఆ స్థలము నెంచుకొనుటలోని యుక్తిని ఒకింత గమనింపవలెను. పగటిబడికి ప్రాణము దారి. వసతిబడి కొండమీద నున్నను, అడవిలో నున్నను జరుగును. పిల్లలు అచటనే తిని అచటనే నిద్రింతురు. పగటిబడి యట్లు కాదు. ఎల్‌స్టర్న్‌విక్ గ్రామమునకు 1859 నుండి రైలు నడచుచుండెను. బంగారుగనులు బయటపడిన 1851 మొదలు మెల్‌బోర్ను పొంగిన పాలవలె పెరిగి, వర్తకులు, గుమాస్తాలు, న్యాయవాదులు రైలుదారుల వెంబడి తోటలు గల ఇండ్లు కట్టుకొని పోవుచుండిరి. వారి పిల్లలు రైలు దిగి పది అడుగులు వేసినచో బడి. అద్దె తక్కువ. ఇంతకు మించిన చోటు, చేత సొమ్ములేని యువకునకు దొరకదు.

అసలు అట్టి ప్రైవేటు బడుల అవసర మేమి అను ప్రశ్న కలుగవచ్చును. విక్టోరియావారు 1872లో ఒక విద్యాచట్టము చేసిరి. ప్రాథమిక విద్య ఉచితము, నిర్బంధము, మతప్రసక్తి లేనిది కావలెనని ఆ చట్టము నియమించినది. ఆ కాలమునకు అది గొప్ప అడుగు. మన దేశమున బాలలకు ఉచిత నిర్బంధ విద్యను చట్టము హక్కుగా ఇచ్చినది 2009లో గదా! కాని ప్రాథమిక విద్య దాటిన పిమ్మట ప్రభుత్వము చేతులు ముడుచుకొనెను. ప్రభుత్వపు ఉన్నత పాఠశాల మెల్‌బోర్నులో 1905వరకు రాలేదు. విశ్వవిద్యాలయమునకు పోదలచిన పిల్లవానికి చర్చిల బడులైనను, డేవిసుగారి వంటివారి సొంత బడులైనను దిక్కు. కావున ఆ ముప్పది యేండ్లలో శివారుకొక బడి పుట్టినది. పుట్టినవానిలో అనేకము గిట్టినవి.

గిట్టుటకు కారణ మొక్కటే. అట్టి బడి హెడ్మాస్టరుగారి సొంత ఆస్తి. ఆయనయే యజమాని, ఆయనయే గురువు, లెక్కలు వ్రాయువాడును ఆయనయే. ఆయనకు జబ్బు చేసినను, మనసు మారినను, అప్పు తీర్పలేకపోయినను బడి మూతపడును. మన వీథిబడులును అంతే గదా. పంతులుగారి అరుగే బడి. పంతులుగారు పోగా అరుగు మాత్రము మిగులును. కాల్‌ఫీల్డు బడి ఈ గండము నెట్లు దాటినదో తెలిసికొనుటయే దాని చరిత్రలో మాకు మిక్కిలి రుచించిన భాగము. ఏలయన ఆ గండము బడికి ఏడవ యేటనే వచ్చినది.

డేవిసుగారి చూపు ఎప్పుడును సముద్రమున కావలనే యుండెను. కాల్‌ఫీల్డులోని సెయింట్ మేరీ చర్చి గురువు మెకార్ట్నీ నడపుచుండిన మిషనరీ పత్రికలో, కొరియాదేశమున పనిచేయువారు కావలెనని చైనానుండి వుల్ఫ్ అను ఆంగ్లికను గురువు వ్రాసిన లేఖ ప్రకటితమయ్యెను. దానిని చూచినది మొదలు డేవిసుగారు కొరియాకు పోవ నిశ్చయించుకొనెను. 1888లో బడిని ఎర్నెస్టు జడ్ బార్నెట్టు అను ఆయన కప్పగించెను. ఆంగ్లికను సంఘము ఆయనను పంపుటకు సిద్ధముగా లేనందున ప్రెస్బిటీరియను సంఘమున చేరి, ఎడింబరో నగరమున కొలదిమాసములు చదివి, ఆ సంఘపు గురువై, 1889 అక్టోబరులో సోదరి మేరీతో కొరియా తీరమున దిగెను. ఐదు మాసములు సియోలులో భాష నేర్చుకొనెను. 1890 మార్చి 14న దక్షిణమునగల పూసాను రేవునకు బయలుదేరి, మూడు వారములు కాలినడకను సాగిపోయెను. మార్గమున మశూచికము సోకినది. దానికి న్యుమోనియా తోడయ్యెను. ఏప్రిల్ 4న పూసాను చేరినవాడు మరునాడు కన్నుమూసెను. ముప్పదిమూడేండ్లు. జేమ్సు గేల్ అను కెనడా మిషనరీ ఆయనను ఆ రేవు కెదురుగానున్న కొండమీద సమాధి చేసెను. ఆ మరుసటి యేడు ఆస్ట్రేలియానుండి ఐదుగురు కొరియాకు బయలుదేరి వచ్చిరి.

బడి యొక్క ధ్యేయవాక్యము లాటినులో 'లబోరా ఉత్ రెక్వియేస్కాస్'. విశ్రమించుటకై శ్రమింపుమని దాని భావము. స్థాపకునకు రెండవభాగము ఎంత త్వరగా ప్రాప్తించెనో తలచుకొన్నచో మనసు కలుక్కుమనును.

బార్నెట్టుగారు ఎనిమిదేండ్లు బడిని నడపిరి. ఆ ఎనిమిదేండ్లలోనే మెల్‌బోర్ను భూముల వ్యాపారము బుడగవలె పగిలి, 1893లో బ్యాంకులు వరుసగా తలుపులు మూసినవి. ఫీజు కట్టువారు ఫీజు కట్టలేకపోయిరి. ఆ గాలివానలో ఎన్నియో సొంతబడులు కొట్టుకొనిపోగా ఇది నిలిచినది. తుద కాయనయు మిషనరీ మార్గమునే పట్టెను. హాంకాంగులో 1903లో నెలకొన్న సెయింట్ స్టీఫెను కళాశాలకు ఆయనయే మొదటి అధిపతి. మొదటి యిరువురు హెడ్మాస్టరులును తూర్పుతీరములకు తరలిపోయిన బడి ఇంకొకటి ఉండునో లేదో!

మూడవవాడు మాత్రము కదలలేదు. వాల్టరు మరే బంటైన్ 1896లో ముప్పదియేండ్లవాడై బడిని చేపట్టి 1932వరకు, ముప్పదియారేండ్లు, దానినే పట్టుకొనియుండెను. మనము నేడు చూచు బడి ఆయన చేతిచలువ యనుట అతిశయోక్తి కాదు. అంగడి నుండి బయలుదేరి చోట్లు మారుచు వచ్చిన బడికి 1909లో గ్లెన్ ఐరా రోడ్డున ఈస్టు సెయింట్ కిల్డా భాగమునందు స్థిరమైన నెలవు కల్పించినది ఆయనయే. నేటి కాల్‌ఫీల్డు ప్రాంగణ మదియే. ఒక విడ్డూరము! కాల్‌ఫీల్డు పేరుగల బడి ఉన్నది సెయింట్ కిల్డా పేట హద్దులలో.

అంతకన్న గొప్పపని 1931లో జరిగినది. బడి అప్పటివరకు హెడ్మాస్టరు సొత్తు. ఆ యేడు దానిని లాభాపేక్షలేని సంస్థగా నమోదుచేసి, పాలకవర్గమున కప్పగించిరి. తాను కొని, ముప్పదియైదేండ్లు పెంచిన ఆస్తిని ఒక మనిషి తన వంశమునకు గాక సంస్థకు విడుచుట సామాన్యవిషయము కాదు. లోకమంతట ఆర్థికమాంద్యము విరుచుకుపడుచున్న యేడది. అమ్ముకొనదలచినచో భూమికిని భవనములకును విలువ యుండెను. విడిచినందుననే బడి బ్రదికినది. ఇక గురువు మారినను, మరణించినను బడికి కీడులేదు. ఈ యొక్క కాగితము లేకనే గిట్టిపోయిన మంచిబడులను మన జిల్లాలలోను శ్రోతలు తలచుకొనగలరు.

బంటైను పిమ్మట వచ్చిన ఆర్చరుగారి కాలమున, 1947లో, బడికి రెండవ ప్రాంగణ మేర్పడినది. నగరమునకు తూర్పున దాదాపు 65 కిలోమీటర్ల దూరమున, యారానది లోయలో, యారా జంక్షను అను పల్లెదాపున. అక్కడ తరగతులు లేవు. పిల్లలు నగరమునుండి జట్లుజట్లుగా వచ్చి, కొలదిదినములు గుడిసెలలో వసించి, చెట్ల నడుమ నడచి, వంటచెరకు కొట్టుకొని, తమ వంట తామే చేసికొని తిరిగిపోవలెను. ఆస్ట్రేలియాలో ఒక పాఠశాల ఈ విధమైన ఆరుబయటి విద్యకై సొంత స్థలము నేర్పరచుకొనుట ఇదియే మొదలని చెప్పుదురు. తరువాత యువరాజు చార్లెసు చదివినందున లోకమున కెక్కువగా తెలిసిన టింబర్‌టాప్, జీలాంగు గ్రామరు స్కూలువారిది, 1953లో గాని తెరువబడలేదు. వసతిబడిలో నున్న పిల్లవానికి ఇరుగుపొరుగు సహవాసము నిత్యము దొరకును. పగటిబడి పిల్లవాడు నాలుగు గంటలు కొట్టగానే ఇంటికి పరుగెత్తును. తోటివాడు ఎట్లు నిద్రించునో, ఎట్లు అలుగునో, చీకటికి భయపడునో భయపడడో ఎరుగడు. పగటిబడికి గల ఈ కొరతను పూరించుట కిది సులభమైన ఉపాయముగా మాకు తోచుచున్నది. మన కళాశాలలలో ఎన్.సి.సి. శిబిరములకు పోయి వచ్చినవారు ఈ మాటలోని నిజమును వెంటనే గ్రహింతురు.

మూడవ ప్రాంగణము కొన్నది కాదు, కలిసినది. 1890లో పుట్టిన మాల్వర్న్ గ్రామరు స్కూలును అటువంటి చిన్నబడియే. యుద్ధానంతరమున మృతవీరుల జ్ఞాపకార్థముగా దాని పేరున స్మారకమను మాట చేర్చిరి. ఒంటరిగా నిలువలేక 1961లో అది కాల్‌ఫీల్డుతో విలీనమయినది. పందొమ్మిదవ శతాబ్ది చివర కట్టిన వాలెంటైన్సు అను పెద్దమేడ ఆ ఆవరణ కలంకారము. అచట చిన్నతరగతులు నడచుచున్నవి. ఒక బడి మరియొక బడిలో కలియునపుడు పూర్వవిద్యార్థులకు కలుగు బాధ ఒకతీరు శోకమే. పేరు పోవును, టోపీ రంగు మారును, పాట మారును. కాని మూతపడిన బడి ఆవరణలో ఇండ్లస్థలములు వెలయుటకన్న, పిల్లల అరపులు వినబడుచుండుట మేలు గదా!

ఈ బడిలో చదివినవారిలో లిండ్సే థాంప్సను పేరు మొదట చెప్పదగినది. విద్యార్థినాయకుడుగా నుండిన ఆయన 1967 నుండి 1979వరకు విక్టోరియా విద్యామంత్రి. 1972 అక్టోబరు 6న ఫారడే అను పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాలనుండి ఇరువురు దుండగులు, మేరీ గిబ్సు అను ఇరువదియేండ్ల ఉపాధ్యాయినిని, ఆరుగురు బాలికలను ఎత్తుకొనిపోయి పది లక్షల డాలర్లు అడిగిరి. విద్యామంత్రి ఆ సొమ్ము సంచిలో పెట్టుకొని, తెల్లవారకమునుపే వుడెండు అను ఊరి పోస్టాఫీసు ముందర తానే పోయి నిలుచుండెను. దుండగులు రాలేదు. ఇంతలో మేరీ గిబ్సు తాము బందీలుగానున్న వాహనపు తలుపును బూటుకాలితో తన్నితన్ని ఊడగొట్టి పిల్లలందరిని క్షేమముగా వెలికి తెచ్చినది. బడి యెచట పుట్టినను బడిని కాపాడువారు ఇట్టివారే. థాంప్సను 1981లో విక్టోరియా ముఖ్యమంత్రియయ్యెను. సంగీతప్రియులైన యువకులు మరియొక పేరు చెప్పుదురు. నిక్ కేవ్ తన తొలి వాద్యబృందమును కూర్చుకొన్నది 1970 ప్రాంతములలో ఈ బడి తోటివారితోనే. వారి పాట మా చెవుల కందదు గాని, దేశదేశముల పేరు తెచ్చుకొన్నవాడు.

ఆ 1981వ సంవత్సరమే బడికి శతవార్షికము. ఆ యేడు నగరమునకు ఆగ్నేయమున వీలర్స్ హిల్ అను క్రొత్త పేటలో, పొలములు పోయి ఇండ్లు లేచుచున్న చోట, మరియొక ప్రాంగణము తెరచిరి. అచట మొదటిదినమునుండియు బాలికలను చేర్చుకొనిరి. నూరేండ్లు బాలురకే పరిమితమైన బడి ఇట్లు సహవిద్యాలయమైనది.

ఈ మార్పును గూర్చి ఒకింత నిదానింపవలెను. మెల్‌బోర్నులోని పెద్ద ఆంగ్లికను బడులన్నియు ఇట్లు చేయలేదు. జీలాంగు గ్రామరు 1970లలో రెండు బాలికల బడులను తనలో కలుపుకొని సహవిద్యకు మారెను. మెల్‌బోర్ను గ్రామరు పెద్దతరగతులలో నేటికిని బాలురనే చేర్చుకొనును. కాల్‌ఫీల్డువారు అనుసరించిన మార్గము వేరు. పాత ఆవరణలో ఆచారములు వేళ్లూనియుండును. ఆటస్థలము బాలురది, గౌరవఫలకములపై పేర్లు బాలురవి, అరుగుమీద ఎవ రెచట కూర్చుండవలెనో నూరేండ్లుగా నిర్ణయమైయుండును. అందు బాలిక ప్రవేశించినచో అతిథివలె ఒదిగియుండవలెను. క్రొత్త ఆవరణలో ఎవరికిని ముందు హక్కు లేదు. పునాదిరాయినుండి ఇరువురిదియును. తరువాతి కాలమున కాల్‌ఫీల్డు, మాల్వర్న్ ప్రాంగణములందును బాలికలు చేరిరి. మన కళాశాలలలో తొలినాళ్ల విద్యార్థినులు ఉపాధ్యాయుని వెనుకనే తరగతికి వచ్చి, ఆయన వెనుకనే వెడలిపోవుచుండిన సంగతి పెద్దవారు చెప్పగా విన్నవారికి, ఈ భేదము చిన్నదిగా కనబడదు.

నేడు ఈ బడి విద్యార్థులు మూడువేలకు పైబడి యున్నారు. ఫీజులు మధ్యతరగతి సంసారికి బరువైనవే. ఉపకారవేతనములు కలవు గాని, అవి అందరికి దొరకునవి కావు. ప్రార్థనాసమయము, చర్చి సంబంధము నిలిచినవి. అయినను ఇతర మతముల పిల్లలును చేరుదురు. 2021 జనాభా లెక్కలనుబట్టి ఇంట తెలుగు మాటలాడువారు ఆస్ట్రేలియాలో అరువదివేలకు కొంచెము తక్కువ. మెల్‌బోర్నున వీరి సంఖ్య మిక్కిలి హెచ్చు. అచటికి పోయిన మన గృహస్థు మొదట విచారించునది బడి. ప్రభుత్వ పాఠశాలయా, చర్చి పాఠశాలయా, రైలుకు దగ్గరయా, దూరమా అను తర్కము ఆ యిండ్లలో నిత్యము జరుగునదే.

ఇక నాలుగు ప్రాంగణములు చాలవన్నట్లు 1998లో చైనాలోని నాన్‌కింగు నగరమున అయిదవది నెలకొల్పిరి. తొమ్మిదవ తరగతి పిల్లలను అయిదేసి వారములు అచటికి పంపెడివారు. పదునాలుగు పదునైదేండ్ల బాలబాలికలు చైనాపిల్లల బడి ప్రక్కనే వసించి, బజారుకు పోయి బేరములాడి, నగరమున దారి తామే కనుగొని, వచ్చీరాని చీనాభాషలో భోజనము తెప్పించుకొనుటయే పాఠము. తిరిగివచ్చినవారు చెప్పినదానిలో పుస్తకపు చదువుకన్న బస్సు తప్పిపోయిన కథలే ఎక్కువట.